తూటాకి కుడీ ఎడమా తెలియదు

లాంగ్‌మీర,
మే 8, 1977

యోస్టాకి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నదిలో మంచు పోయిన వారం కదిలింది. మీ అక్క సిగ్నే మోకాలు ఎప్పటిలాగే ఉంది.

ఒక చిన్న పని. నీ ఆరున్నర మిల్లీమీటర్ల తుపాకీలో మూస్ దుప్పుల వేటకి ఏ తూటా వాడతావో రాయి. గుండు బరువెంత, ముక్కు ఎలా ఉంటుంది, అన్నీ రాయి. కుదిరితే రెండు పెట్టెలు పోస్టు బస్సులో పడెయ్యి. ఊమియోలో పెద్ద కొట్లున్నాయి, మా ఊరి కొట్లో పారలూ మేకులూ తప్ప ఏమీ దొరకవు.

నాకు కాదు. మన వేట జట్టులో ఎగాన్ అడిగాడు.

నిరుటి సంగతి మళ్లీ ఎత్తొద్దు. జట్టు పెద్దగా నేను చెప్పాల్సింది చెప్పాను, అయిపోయింది.

హాల్వార్


ఊమియో,
మే 15

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి మా ఆవిడ చేత చదివించాను, నాకే తప్పుగా అర్థమైందేమోనని. ఆవిడ కూడా అదే అర్థం చెప్పింది.

నిరుడు సెప్టెంబర్‌లో పన్నెండు మంది ముందు, కాఫీ కప్పు చేత్తో పట్టుకుని నువ్వేమన్నావో నాకు పొల్లుపోకుండా గుర్తుంది. "యోస్టా దోమ తుపాకీతో కొట్టాడు. అందుకే ఆ ఆడ మూస్ కడుపులో గుండు పెట్టుకుని అడవిలో పడి చచ్చింది. వచ్చే ఏడాదికి పెద్ద తుపాకీ తెచ్చుకుంటే రా, లేకపోతే రావద్దు." మనిద్దరం పక్కపక్క మాటుల్లో ఉన్నాం. ఇద్దరం చెరొక గుండు పేల్చాం. ఐదో రోజున కళేబరాన్ని కనిపెట్టింది నువ్వు. రంధ్రం చిన్నది, ఆరున్నరదే అన్నదీ నువ్వే. నేను నోరు మూసుకుని బస్సెక్కాను.

ఇప్పుడు అదే దోమ తుపాకీకి తూటాలు కావాలా? అదీ ఎగాన్‌కా? ఎగాన్ తన తుపాకీ అమ్మేసి పడవకి మోటారు కొనుక్కున్నాడని క్రిస్మస్ కార్డులో రాసింది నువ్వే కదా. నన్ను అడిగించి, నా జవాబు జట్టులో చదివి నవ్వుకోవాలని ఉంటే సూటిగా చెప్పు.

అయినా ఎవరైనా తూటా గురించి అడిగితే చెప్పకుండా ఉండలేను, అది నా జబ్బు. పది గ్రాముల గుండు తీసుకోమను. గుండ్రటి ముక్కుది. ముక్కు దగ్గర సీసం బయటికి కనబడాలి, కింద అంతా రాగి తొడుగు ఉండాలి. తగలగానే ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, వెనక బరువు దాన్ని లోపలికి తోస్తుంది. ఎనిమిది గ్రాముల సూదిముక్కుది వద్దు, అది నక్కలకి. సైన్యం వాళ్లు వాడే పూర్తి తొడుగుది అసలే వద్దు. అది ఇటు దూరి అటు పోతుంది, మూస్ మన వంక ఒకసారి చూసి తన దారిన తను పోతుంది.

ఎవరికో చెప్తే పంపిస్తాను.

యోస్టా


లాంగ్‌మీర,
మే 24

యోస్టాకి,

బడి పిల్లలకి వడ్రంగం చెప్పి చెప్పి నీకు ప్రతిదీ చిత్రిక పట్టే అలవాటైంది. రెండు పెట్టెలు అడిగితే నాలుగు పేజీల విచారణ.

సరే, ఎగాన్ తుపాకీ కొన్నది నేనే. ఏం, కొనకూడదా? నా తొమ్మిది పాయింటు మూడు మిల్లీమీటర్ల తుపాకీ పెద్ద గుండు మాంసం పాడుచేస్తోందని మీ అక్క గోల. జబ్బ దగ్గర ముక్కంతా రక్తం కట్టి కుక్కకి పోతోందట. చిన్న గుండైతే మాంసం మిగులుతుంది కదా అని. ఇంతకంటే ఏమీ లేదు.

పంపిస్తే పంపు, లేకపోతే లేదు.

హాల్వార్


ఊమియో,
జూన్ 2

బావా,

మా అక్క ముప్పై ఏళ్లుగా నీ మూస్ మాంసం ఉప్పులో ఊరబెడుతోంది. ఒక్కసారి కూడా రక్తం కట్టిందని నా దగ్గర అనలేదు. అనదు కూడా. ఎందుకంటే నువ్వు చెప్పింది పూర్తిగా తలకిందులు. నీ తొమ్మిది-మూడు గుండు పద్దెనిమిదిన్నర గ్రాములు, నింపాదిగా వెళ్తుంది. మాంసం చిందరవందర చేసేది తేలిగ్గా ఉండి దూసుకుపోయే గుండు. నెమ్మదైన బరువు గుండు కొట్టిన చోట రంధ్రం అంచు దాకా తినొచ్చని నాకు నేర్పింది ఎవరు? నువ్వే. అప్పుడు నాకు పదిహేడేళ్లు, నువ్వు అక్కని కొత్తగా పెళ్లి చేసుకున్నావు.

అబద్ధమాడాలంటే నాకు తెలియని విషయం మీద ఆడు బావా. తూటాల మీద ఆడకు.

ఒక పెట్టె కొట్టుది, ఒక పెట్టె నేను ఇంట్లో మందు కొలిచి నింపింది, రెండూ పది గ్రాములవే, పంపుతున్నాను. వేసవి పండగకి మీ ఊరు రావడం లేదు. కారణం నీకు తెలుసు.

యోస్టా


లాంగ్‌మీర,
జూన్ 27

యోస్టాకి,

నీ తూటాలు వంకర. ఊరి వెనక కాల్పుల రేంజిలో పట్టాల మీద పరుగెత్తే చెక్క మూస్‌ని పెట్టి, ఎనభై మీటర్ల నుంచి రెండు పెట్టెలూ కాల్చాను. కొట్టువీ వంకరే, నువ్వు నింపినవీ వంకరే. నువ్వు నింపినవి ఇంకాస్త ఎక్కువ వంకర. మందు కొలిచేటప్పుడు కాఫీ తాగుతున్నావా, ఇంకేమైనా తాగుతున్నావా?

ఇంకో రకం పంపు. పండగకి సిగ్నే నీ కోసం పులిసిన చేప డబ్బా తీసిపెట్టింది. నువ్వు రాలేదు, అది ఉబ్బి పక్కింటికి కూడా వాసన కొట్టింది.

హాల్వార్


ఊమియో,
జూలై 6

బావా,

నేను నింపిన తూటాలతో మా రేంజిలో పోయిన ఆదివారం పది కాల్చాను. పదీ అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. ఆ పెట్టె, నీ పెట్టె ఒకే పూట, ఒకే తక్కెడ మీద నింపినవి.

సరే, వాదన వద్దు. మూడు రకాలు పంపుతున్నాను. పది గ్రాములదే, వేరే తయారీ. తొమ్మిది గ్రాముల సూదిముక్కుది. ఇంకోటి లోపల రాగి గోడ అడ్డంగా ఉన్నది, ఖరీదైనది, ముందు సగమే విచ్చుకుంటుంది. నక్కల తూటా తప్ప ఈ ఊళ్లో దొరికేవన్నీ నీకు పంపినట్టే.

ఒక్క షరతు. కాల్చిన కాగితాలు నాకు పంపించు. చెక్క మూస్ ఎడమ నుంచి వచ్చినప్పుడు కొట్టినవి ఒక కాగితం, కుడి నుంచి వచ్చినప్పుడు కొట్టినవి ఇంకో కాగితం. కలపకు. కాగితం చూడకుండా తూటాని తిడితే పడేది నేను కాదు.

యోస్టా


లాంగ్‌మీర,
జూలై 24

ఇవిగో కాగితాలు. మూడు రకాలూ వంకరే. నీ ఖరీదైనది అన్నిటికంటే వంకర.

బురదనేలల్లో పసుపుపళ్లు పండాయి, దోమలు కళ్లలోకి దూరుతున్నాయి. మీ అక్క ఏరుతోంది, నేను మోస్తున్నాను. రాయడానికి తీరిక లేదు.

హా.


ఊమియో,
జూలై 30

బావా,

ఆరు కాగితాలూ వంటింటి బల్ల మీద పరిచాను. మా ఆవిడ గిన్నెలు పెట్టే చోటు లేదని విసుక్కుని కుర్చీలో కూర్చుని ఒళ్లో కంచం పెట్టుకుని తింది.

ఎడమ నుంచి వచ్చినప్పటి మూడు కాగితాలూ బాగున్నాయి. అన్నీ జబ్బ వెనకే, ఊపిరితిత్తుల దగ్గరే. మన జట్టులో ఇంత బాగా కొట్టేవాడు ఇంకొకడు లేడు. కుడి నుంచి వచ్చినప్పటి మూడు కాగితాల్లో గుళ్లన్నీ వెనక కడుపులో. కొన్ని అసలు చెక్కకే తగల్లేదు. మూడు రకాల తూటాలకీ ఇదే వరస.

తూటా వంకరైతే రెండువైపులా వంకర కావాలి. తూటాకి కుడీ ఎడమా తెలియదు. కాల్చే మనిషికి తెలుస్తుంది. కుడి నుంచి వచ్చేది నీకు ఆలస్యంగా కనబడుతోంది. కనబడగానే కంగారుగా పేలుస్తున్నావు.

ఇంకొకటి. నిరుటి ఆడ మూస్ నీ మాటుకి కుడివైపు నుంచి వచ్చింది. గుండు కడుపులో తగిలింది.

నేను ఇంతకంటే రాయను. నువ్వు రాయి. ఈసారి మాంసం, ఎగాన్, మా అక్క ఎవరూ వద్దు.

యోస్టా


లాంగ్‌మీర,
ఆగస్టు 10

యోస్టా,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మూడు పొయ్యిలో వేశాను.

నిరుడు ఆగస్టులోనే కుడికన్ను మూలన నల్లటి తెరలాంటిది మొదలైంది. ముసలితనం అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు మాటులో నాకు ముందు కుక్క అరుపు వినబడింది, మూస్ కనబడలేదు. కనబడేసరికి సగం దాటిపోయింది. కాల్చాను. ఆ వెంటనే నువ్వు కాల్చావు.

ఐదో రోజున మా కుక్క ట్రుల్స్‌ని గొలుసుతో తీసుకెళ్తే అది నన్ను చిత్తడి నేల అంచుకి లాక్కెళ్లింది. అక్కడ పడుంది. ఒంటి మీద రంధ్రం ఒక్కటే ఉంది. చిన్నది కాదు. అవతలి పక్క చర్మం కింద గుండు ఇరుక్కుని ఉంటే కత్తితో తీశాను. నాదే. కాసేపు చేతిలో పెట్టుకుని నిలబడి, నీళ్లలోకి విసిరేశాను. నీ గుండు ఏ చెట్టుకి తగిలిందో నాకు తెలియదు. దానికైతే తగల్లేదు.

అక్టోబర్‌లో రెండు వారాలు అటవీ శిక్షణకి వెళ్లానని చెప్పాను కదా. మీ ఊరి ఆసుపత్రిలోనే ఉన్నాను. కంటి వెనక పొర ఊడిందట, కుట్టారు. మీ ఇంటికి పది నిమిషాల నడక. సిగ్నే రోజూ "వాణ్ణి పిలుస్తాను, వాడు రాకపోతే నన్నడుగు" అంది. చెప్పావంటే ఇంటికి రానన్నాను. కంటి సంగతే ఆమెకి తెలుసు. గుండు సంగతి ఆమెకీ తెలియదు.

డాక్టర్ అన్నాడు, పెద్ద తుపాకీ దెబ్బ భుజానికి తగిలితే ఆ పొర మళ్లీ ఊడుతుంది, ఊడితే ఈసారి కుట్టడం కుదరదు. అందుకే నీ దోమ తుపాకీ కావాల్సి వచ్చింది. నువ్వు ఏ తూటా పంపినా అది నాకు కొత్త కన్ను ఇస్తుందన్నట్టు కాల్చాను.

పంతొమ్మిదేళ్లు జట్టు పెద్దగా ఉన్నాను. ఎవడైనా తను గాయపరిచిన జంతువుని వదిలేస్తే నేనే వాణ్ణి జట్టు నుంచి పంపించేసేవాణ్ణి. ఇద్దర్ని పంపించాను కూడా. ఆ వరసలో నా పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు. నీ పేరు వచ్చింది.

హాల్వార్


ఊమియో,
ఆగస్టు 16

హాల్వార్ గారికి,

మీ ఉత్తరం అందింది.

నేను పోయిన చలికాలం అంతా ఒక జంతువుని ఐదు రోజులు చిత్రహింస పెట్టినవాణ్ణని అనుకుంటూ బతికాను. నిద్రపోయేముందు ఆ గుండు మళ్లీ మళ్లీ పేల్చి, ఎక్కడ తప్పిందా అని చూసుకునేవాణ్ణి. క్రిస్మస్‌కి మా ఆవిడ మూస్ మాంసం వండితే లేచి బయటికి వెళ్లిపోయాను. ఆవిడకి కారణం చెప్పుకోలేకపోయాను.

ఆ రోజులన్నీ మీకు తెలుసు. మీరు నాకు క్రిస్మస్ కార్డు రాశారు, ఎగాన్ పడవ మోటారు గురించి.

జట్టుకి చెప్తారో లేదో మీ ఇష్టం. నేను ఎవరికీ రాయను. ఈ సెప్టెంబర్‌లో నా మాటు ఎవరికైనా ఇచ్చుకోండి.

మా అక్కని అడిగానని చెప్పండి.

యోస్టా


లాంగ్‌మీర,
ఆగస్టు 29

యోస్టా,

ముప్పై ఏళ్లలో నువ్వు నన్ను మీరు అనడం ఇదే మొదలు. బూతులు తిట్టినా ఇంతకంటే నయంగా ఉండేది. సిగ్నేకి ఆ ఉత్తరం చూపించాను, నాదీ చెప్పాను. ఆమె మూడు రోజులు నాకు కాఫీ పోసింది గానీ మాట్లాడలేదు.

నిన్న వేట గుడిసెలో మాటులకి చీట్లు వేసే సమావేశం జరిగింది. చీట్లు తీయకముందే లేచి, "నిరుటి ఆడ మూస్‌ని కొట్టింది నేను, యోస్టా కాదు" అన్నాను.

ఎవరూ నమ్మలేదు. నేను దేనికైనా సిద్ధపడి వెళ్లాను గానీ దీనికి కాదు.

"బామ్మర్ది రానన్నాడా?" అన్నాడు వెర్నెర్. "ఇంట్లో సిగ్నే పోరు పెట్టిందా?"

"గుండు నేనే తీశాను. తొమ్మిది-మూడు."

"ఏదీ చూపించు."

"నీళ్లలో పారేశాను."

"బాగుంది," అన్నాడు ఎగాన్. "వాణ్ణి వెనక్కి తెచ్చుకోవాలంటే తెచ్చుకో, మేమేం అనం. దానికి నీ మీద వేసుకోవడం ఎందుకు? నువ్వు కడుపులో కొట్టడమేంటి, మా చెవుల్లో పూలున్నాయా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడాది పాటు అబద్ధం చెప్తే తలూపారు, ఒక్కసారి నిజం చెప్తే వెక్కిరిస్తున్నారు. వెర్నెర్‌ని లేపి నా కుడిపక్కన నిలబెట్టాను. నేను గోడకేసి చూస్తూ, "చెయ్యి ఎత్తి వేళ్లు చూపించు, ఎన్నో నేను చెప్తాను" అన్నాను.

గోడకేసే చూస్తూ నిలబడ్డాను.

"చెప్పు మరి," అన్నాడు ఎగాన్.

"వాడు చెయ్యి ఎత్తితే కదా," అన్నాను.

తల తిప్పి చూస్తే వెర్నెర్ చెయ్యి నా చెవి పక్కనే ఉంది, ఐదు వేళ్లూ విప్పి. వాడి ముఖం పాలిపోయింది. మెల్లగా చెయ్యి దించి, జేబులో పెట్టుకున్నాడు.

పెద్దరికం వదిలేస్తున్నానని నేను అనక ముందే అందరికీ అర్థమైంది. వెర్నెర్‌ని ఎన్నుకున్నారు. నన్ను పంపించేయమని నేనే అడిగాను, ఇద్దర్ని పంపించిన లెక్క ప్రకారం. ఓటు పెట్టారు. కుక్కతో నడవడానికి ఉండనిచ్చారు, తుపాకీ లేకుండా. నాకు అనుకూలంగా ఏడు, వ్యతిరేకంగా నాలుగు. ఆ నాలుగూ ఎవరివో తెలుసు, వాళ్ల మీద నాకు కోపం లేదు.

క్షమించమని అడగడం లేదు. జరిగింది నీకు తెలియాలని రాశాను.

హాల్వార్


లాంగ్‌మీర,
సెప్టెంబర్ 21

యోస్టా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. అయినా రాస్తున్నాను.

రెండు పెద్ద మూస్‌లు, ఒక దూడ వచ్చాయి. తొమ్మిది రోజులు ట్రుల్స్ వెనకాల బురదలో నడిచాను. జట్టు పెద్దగా రాయి మీద కూర్చుని రేడియోలో కేకలేయడం ఎంత సుఖమో ఇప్పుడు తెలిసింది. నా బూట్లు ఆరడం లేదు.

నీ మాటు ఎవరికీ ఇవ్వలేదు. చీటీ తీసి పక్కన పెట్టారు. నాలుగో రోజున పది కొమ్మల కొమ్ములున్న పోతు మేం తరుముతుంటే సరిగ్గా అక్కడికే వెళ్లి, ఆ ఖాళీ మాటు ముందు నిలబడి, నింపాదిగా ఆకులు తిని, వాగు దాటి వెళ్లిపోయింది. రేడియోలో వెర్నెర్ నిన్ను తిట్టిన తిట్లు మూడు ఊళ్లకి వినిపించి ఉంటాయి. నన్ను కాదు, నిన్ను. "ఆ వడ్రంగి మేస్టారికి ఏం రోగం, అలిగితే వేట అయ్యాక అలగొచ్చు కదా" అన్నాడు.

మాంసంలో నీ వాటా పోస్టు బస్సుకి వేశాం. రానివాడికి వాటా ఏమిటని ఎవరూ అడగలేదు.

హాల్వార్


ఊమియో,
అక్టోబర్ 9

బావా,

మాంసం వచ్చింది. తిప్పి పంపించేద్దామనుకున్నాను. మా ఆవిడ "పంపించు, కానీ బస్టాండు దాకా మోసేది నువ్వే" అంది. పద్దెనిమిది కిలోలు. దాంతో ఉండిపోయింది. మొదటి రోజు కోపంతో తిన్నాను, రెండో రోజు ఆకలితో. బాగుంది. ఎవరు కొట్టారో గానీ సరైన చోట కొట్టారు.

నా కోపం పోలేదు. పోయిందని అనుకుని నాతో మామూలుగా మాట్లాడబోకు. ఒక్క మాట, ఒక్క చిన్న మాట పోయిన అక్టోబర్‌లో చెప్పి ఉంటే నేను ఆసుపత్రికి వచ్చి, నిన్ను ఒక గంట తిట్టి, తర్వాత పత్రిక చదివి వినిపించి ఉండేవాణ్ణి. ఏడాది మొత్తం మిగిలేది మనకి. నీ అంత మొండివాణ్ణి చేసుకున్నందుకు మా అక్కకి పింఛను ఇవ్వాలి.

ఇప్పుడు తూటా సంగతి, ఎందుకంటే నువ్వు అడిగావు, నేను చెప్పడం పూర్తి చేయలేదు. డాక్టర్ ఒప్పుకుంటేనే వినాలి. కుడి భుజం మర్చిపో. ఎడమ భుజానికి ఆనించి, ఎడమ కంటితో కాల్చడం నేర్చుకో. పది గ్రాముల గుండ్రటి ముక్కుదే. మందు పావు వంతు తగ్గించి యాభై నింపాను, అది భుజాన్ని తట్టినట్టే ఉంటుంది, తన్నదు. చెక్క మూస్ మీద మాత్రమే. మే నెలలో వచ్చి నీ పక్కన నిలబడతాను. అరవై మూడేళ్ల మనిషికి తుపాకీ పట్టుకోవడం మొదట్నుంచీ నేర్పడం ఎంత చిరాకో నాకు ఇప్పుడే తెలుస్తోంది, బడిలో పిల్లలు నీకంటే నయం. కుదరకపోతే కుక్కతో నడుస్తావు. అది కూడా ఎవరో ఒకరు చేయాలి.

నవంబర్ పద్నాలుగున నీ కంటి పరీక్ష ఉందని అక్క రాసింది. ఆసుపత్రి పక్కన గది తీసుకుంటావని కూడా రాసింది. గది వద్దు. ఇంట్లో మంచం వేశాం. మళ్లీ అటవీ శిక్షణ అని ఎవరికైనా చెప్పావంటే ఆ మంచం తీసేస్తాను.

బస్సు ఐదింటికి వస్తుంది. బస్టాండులో ఉంటాను. నువ్వు దిగేటప్పుడు నీ కుడిపక్కన నిలబడతాను, మెట్టు అటువైపే ఎత్తుగా ఉంటుంది. నీకు కనబడను. రాలేదనుకుని వెళ్లిపోకు, తల తిప్పి చూడు.

యోస్టా